ఎమ్మెల్యే గారు మెట్లు దిగి రావడం గురించి

విజయవాడలో ఒక వికలాంగుడు ఎమ్మెల్యేను కలిసే సందర్భాలు దాదాపు అన్నీ ఒకే తీరుగా సాగుతాయి. చేతిలో అర్జీ, దానికి గుచ్చిన, వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు ఉంటాయి. పక్కన అమ్మో తమ్ముడో, లేదంటే డివిజన్‌లో కాస్త పలుకుబడి ఉన్న పార్టీ కార్యకర్తో ఉంటారు. ఎమ్మెల్యే గారు కాగితం అందుకుని, మూలన ఒక సంతకం చేసి, "ఇది చూడు" అంటూ పీఏ చేతిలో పెడతారు. పని అయితే అది ఆయన చలవ, కాకపోతే మన తలరాత. చట్టాలు చేసే సభలో కూర్చునే మనిషితో చట్టం గురించి ఒక్క ముక్కైనా మాట్లాడకుండానే ఆ భేటీ ముగిసిపోతుంది.

అర్జీలు మానేయమని నేను అనను. ఆగిపోయిన పెన్షన్ కోసం, మూడు చక్రాల స్కూటర్ కోసం, ఇంటి స్థలం కోసం తిరిగేవారికి ఆ సంతకమే ఆధారం. అయితే వార్డు సచివాలయం, కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకునే వేదిక చేయవలసిన పనిని ఎమ్మెల్యే దగ్గర అడిగి తిరిగివస్తున్నామే తప్ప, ఎమ్మెల్యే మాత్రమే చేయగలిగిన పనిని మేము అడగడం లేదు. ఆ అడగడం కూడా మా తరఫున ఇంకెవరో కాక మా నోటితో, మా చేతులతో, మా సైగలతో మేమే చేయాలన్నది నా వాదన. అందుకు అడ్డుపడుతున్నది మా శరీరాల కన్నా ఎక్కువగా మాకు సాయం చేయడానికి పుట్టిన పద్ధతులేనన్నది అందులో రెండో సగం.

నాకు పసితనంలో పోలియో వచ్చింది. కుడి కాలికి క్యాలిపర్, చేతికింద ఒక చంకకర్ర ఉంటాయి. ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల దుకాణంలో లెక్కలు రాస్తాను. విజయవాడ, గుంటూరుల్లో నాలాంటి కొందరం కలిసి, ఏ పేరూ రిజిస్టరు చేసుకోకుండా, ప్రజాప్రతినిధులను కలిసి మాట్లాడే ప్రయత్నం చేస్తున్నాం. ఇక్కడ రాసేదంతా ఆ అనుభవం నుంచి వచ్చినదే.

ముందుగా, ఎమ్మెల్యే దగ్గరికే ఎందుకు వెళ్లాలి? రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో తొమ్మిదో అంశం వికలాంగులకూ పని చేయలేనివారికీ ఇచ్చే సహాయం. అంటే మా బతుకులకు సంబంధించిన ఈ విషయం మీద నిర్ణయం చేయవలసిన సభ ఢిల్లీలో కన్నా ముందు వెలగపూడిలో ఉంది. మున్సిపాలిటీల బాధ్యతలను చెప్పే పన్నెండో షెడ్యూలులో బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ అనే అంశం కింద వికలాంగులను ప్రత్యేకంగా పేర్కొన్నారు. కనుక విజయవాడ కార్పొరేషన్‌లోని 64 డివిజన్ల కార్పొరేటర్లకూ, గుంటూరులోని 57 డివిజన్ల కార్పొరేటర్లకూ ఇందులో పని ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇంకొక అడుగు ముందుకేసి, ప్రతి రాష్ట్రంలోనూ ఒక సలహా మండలి ఉండాలనీ, విధాన పరిషత్తు ఉన్న రాష్ట్రంలో ఇద్దరు ఎమ్మెల్యేలనూ ఒక ఎమ్మెల్సీనీ వారి సభలే ఎన్నుకుని ఆ మండలికి పంపాలనీ 66వ సెక్షన్‌లో చెప్పింది. మన ఎమ్మెల్యేను కలిసినప్పుడు "ఆ మండలిలో మన సభ తరఫున ఎవరున్నారండీ, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు?" అని అడిగితే చాలు, సంభాషణ దారి మారిపోతుంది. ఈ ప్రశ్నకు ఖర్చు లేదు, సిఫారసు అక్కర్లేదు.

అడగడం ఎందుకు అవసరమో పెన్షన్ విషయంలోనే కనిపిస్తుంది. ఇతరులకు ఇచ్చే అలాంటి పథకాల కన్నా వికలాంగులకు ఇచ్చే సాయం కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని అదే చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. మన రాష్ట్రంలో వికలాంగుల పెన్షన్ 2019 నుంచి 3,000 రూపాయల దగ్గర ఉండిపోగా, వృద్ధాప్య పెన్షన్ మెట్టుమెట్టుగా పెరిగి 2024 జనవరి నాటికి అదే 3,000కు చేరింది. ఆ ఏడాది జూలై నుంచి వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000, పూర్తిగా మంచాన పడినవారికి 15,000 అయ్యాయి కాబట్టి ఇప్పుడు ఆ తేడా ఉంది. నడుమ ఆరు నెలలు అసలు తేడాయే లేదు. అది ఒక్కొక్కరు అర్జీ పెట్టుకుంటే తేలే విషయం కాదు. సభలో ఒక సభ్యుడు లేచి అడగవలసిన ప్రశ్న. ఏ పార్టీ సభ్యుడైనా అడగవచ్చు.

ఇక మా నోరు మేమే ఎందుకు నొక్కుకుంటున్నామో చెప్పాలి. ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

సదరం శిబిరానికి వెళ్లిన మనిషి తనకు ఏది చేతకాదో చూపించాలి. 40 శాతం గీత దాటితేనే ఆ కాగితానికి విలువ కనుక, ఎన్నో ఏళ్లు పట్టి నేర్చుకున్న నడకను, పట్టును, చూపులేని చోట చెవితో పని నడుపుకునే నేర్పును ఆ గదిలోకి వెళ్లేముందు గుమ్మం బయట వదిలిపెట్టాలి. ఇందులో మోసం లేదు. చేతనైన పని వెనక ఎంత బాధ ఉందో కొలిచే పరికరం అక్కడ లేదు కాబట్టి, మనిషి తన బాధనే ముందు పెడతాడు. అదే మనిషి మర్నాడు ఎమ్మెల్యే కార్యాలయానికి వెళ్లి, సెక్షన్ల నంబర్లతో సహా తడబడకుండా మాట్లాడితే ఏమవుతుంది? వినేవారిలో కనీసం ఒకరికి "ఇంత చక్కగా మాట్లాడేవాడికి పెన్షన్ దేనికి?" అనిపిస్తుంది. ఒక చోట ఎంత తక్కువగా కనిపిస్తే అంత న్యాయం, ఇంకొక చోట ఎంత నిబ్బరంగా కనిపిస్తే అంత న్యాయం. ఈ రెండిటి మధ్య నలిగి, చాలామంది రెండో చోటికి వెళ్లడమే మానుకున్నారు.

2025లో రాష్ట్రమంతటా సర్టిఫికెట్లను మళ్లీ పరీక్షించి, శాతం తగ్గిందంటూ నోటీసులు పంపిన తర్వాత ఈ భయం ఇంకా గట్టిపడింది. అప్పీలు చేసుకున్నవారికి పెన్షన్ ఆగదని ప్రభుత్వం చెప్పినా, ఒకసారి పట్టుకున్న భయం ప్రకటనతో పోదు. మా బృందంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ లేని కుర్రాడు ఒకడున్నాడు. ఇంటి దగ్గరే కంప్యూటరు మీద డిజైన్ పని చేసుకుంటాడు, మా అందరిలోకీ మాటకారి. ఎమ్మెల్యే ముందు నువ్వే మాట్లాడాలిరా అంటే, "నేను రాను అన్నా. ఎవరో వీడియో తీసి గ్రూపుల్లో పెడతారు, రేపు వెరిఫికేషన్‌లో అదే నా నెత్తికి చుట్టుకుంటుంది" అన్నాడు. వాడికి ధైర్యం చెప్పే మాట నా దగ్గర ఉంది గానీ, వాడి భయం తప్పని చెప్పే ఆధారం నా దగ్గర లేదు.

నా వరకు సమాధానం ఇది: పెన్షన్ మాట్లాడలేనివాడికి ఇచ్చే ఊరట కాదు. బస్సు మెట్టు ఎక్కలేక ఆటోకు పెట్టే డబ్బు, స్కూటర్‌కు అదనపు చక్రాలు బిగించడానికి పెట్టే డబ్బు, మంచం మీది మనిషిని చూసుకోవడానికి ఇంట్లో ఒకరు పనికి వెళ్లక పోగొట్టుకునే కూలి, వీటికి అది బదులు. చట్టం 25 శాతం ఎక్కువ ఇవ్వమన్న ఆలోచన కూడా ఇదే అయి ఉండాలని నా నమ్మకం. ఈ మాట ఎమ్మెల్యేలకు అర్థమయ్యేలా చెప్పగలిగితే, గట్టిగా మాట్లాడే వికలాంగుడిని చూసి అనుమానపడే అలవాటు కొంతైనా తగ్గుతుంది. దాన్ని చెప్పవలసింది కూడా గట్టిగా మాట్లాడే వికలాంగుడే. చిక్కు అక్కడే ఉంది.

మెట్ల సంగతికి వస్తాను. మేము కలవడానికి వెళ్లిన ఒక ఎమ్మెల్యే గారి క్యాంపు కార్యాలయం మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ముందుగా ఫోను చేస్తే పీఏ ఎంతో మర్యాదగా "మీరు పైకి ఎక్కొద్దండీ, సారే కిందికి వస్తారు" అన్నారు. సారు నిజంగానే వచ్చారు. రోడ్డు వారగా నిలబడి కాగితం తీసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, ఫొటో దిగి, సిద్ధంగా ఉన్న కారెక్కారు. ఆ ఫొటో సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో, దివ్యాంగుల కోసం మెట్లు దిగివచ్చిన నాయకుడు అనే శీర్షికతో తిరిగింది. ఆయన మంచితనాన్ని నేను శంకించను. కానీ అదే సమయంలో పైన ఏసీ గదిలో వర్తక సంఘం వారు కుర్చీల్లో కూర్చుని, టీ తాగుతూ తమ పన్నుల గోడు వివరంగా చెప్పుకున్నారు. మాకు మర్యాద దక్కింది, వారికి సమయం దక్కింది. మెట్లు దిగి రావడం గొప్ప గుణంగా చెలామణీ అయినంత కాలం ఆ మెట్ల పక్కన ర్యాంపు ఎందుకు లేదని అడగడం కృతఘ్నత లాగే కనిపిస్తుంది.

తర్వాత మేము పద్ధతి మార్చుకున్నాం. కింది అంతస్తులో ఒక గది, ఒక బల్ల, అరగంట సమయం, ఒకే ఒక్క విషయం కావాలని ముందే రాసి పంపాం. ఆశ్చర్యం ఏమిటంటే, అడిగితే ఇచ్చారు. ఒక పాఠశాల కింది గదిలో ఆ భేటీ జరిగింది. మాతోపాటు పుట్టుకతో వినికిడి లేని ఒక అమ్మాయి వచ్చింది, ఆమె సైగల భాషను మాటల్లో చెప్పడానికి ఒక టీచరమ్మ వచ్చారు. ఎమ్మెల్యే గారు అలవాటు కొద్దీ టీచరమ్మ వైపు చూసి, "ఈ అమ్మాయికి ఏం కావాలంటమ్మా?" అన్నారు. ఆవిడ జవాబు చెప్పకుండా ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు ఆ అమ్మాయికి సైగ చేశారు. ఆ అమ్మాయి ఇచ్చిన సమాధానం: "నాకు ఏమీ వద్దు. మా పేటలో వరద వస్తే మైకులో చెబుతారు. నాకు ఎలా తెలుస్తుంది?"

ఆమెది సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి పేటల మీద పడినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. పడవలు చేరలేని సందుల్లోకి డ్రోన్లతో ఆహారం పంపవలసి వచ్చింది. నడవగలిగినవారే చిక్కుకుపోయిన ఆ రోజుల్లో వీల్‌చైర్ మీది మనిషి డాబా పైకి ఎలా చేరాడో, చూపులేని ముసలమ్మ ఏ గోడ పట్టుకుని నిలబడిందో ఆ పేటల్లో ఎవరిని అడిగినా చెబుతారు. వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ఈ విషయాన్ని ఊహించే రాసింది. ప్రతి జిల్లాలోనూ విపత్తు నిర్వహణ అధికార సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాల రికార్డు ఉంచుకోవాలి, ముప్పు వచ్చినప్పుడు వారికి తెలియజేయడానికి తగిన ఏర్పాట్లు చేయాలి. పేరు, పేట, ఏ అంతస్తు, వినలేరా, కదలలేరా అన్న పట్టిక అది. పెన్షన్ ఎవరికి ఇవ్వాలో ప్రతి నెలా ఇల్లిల్లూ తెలిసిన సచివాలయం ఉన్న రాష్ట్రంలో ఇది అసాధ్యమైన పని కాదు. ఎన్టీఆర్ జిల్లాలో ఆ రికార్డు ఉందా, ఉంటే దాన్ని చివరగా ఎప్పుడు సరిచూశారు, తదుపరి వానాకాలానికి ముందు వార్డు సచివాలయాలకు పంపుతారా అని మేము అడిగాం. ఎమ్మెల్యే గారు ఆ సెక్షన్ నకలు అడిగి తీసుకున్నారు, కలెక్టరుకు ఉత్తరం రాస్తానన్నారు, రాశారు కూడా. ఫలితం గురించి చెప్పడానికి ఇంకా సమయం కాలేదు. అయితే ఆ గదిలో జరిగింది దయ కోరడం కాదన్న సంగతి ఆయనకూ మాకూ ఒకేసారి తెలిసింది.

ఒక చిన్న పక్కమాట. తెలుగునాట ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఎస్. జైపాల్ రెడ్డి గారిని గుర్తుచేస్తారు. పోలియో వచ్చి చంకకర్రలతో నడిచిన ఆయన కల్వకుర్తి నుంచి శాసనసభకు వెళ్లారు, కేంద్ర మంత్రి అయ్యారు, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్నారు. "ఆయన ఎదగలేదా?" అంటారు. ఎదిగారు, ఆయన ప్రసంగాలంటే నాకూ గౌరవం. కానీ ఒక అసాధారణమైన మనిషి గడప దాటినంత మాత్రాన ఆ గడప ఎత్తు తగ్గిపోదు.

మాట్లాడే హక్కు గురించి మాట్లాడేటప్పుడు అందరికన్నా వెనక మిగిలిపోయేది బుద్ధిమాంద్యం ఉన్నవారు. అన్యాయం ఏమిటంటే, తమ కోసం తామే మాట్లాడుకునే ఈ పద్ధతిని ఒక ఉద్యమంగా నిలబెట్టినవారిలో వారిదే పెద్ద వాటా. 1974లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో అలాంటివారే కూడుకుని, మమ్మల్ని ముందు మనుషులుగా చూడండి అంటూ సంఘం కట్టుకున్నారు. మన దగ్గర వారి తరఫున తల్లిదండ్రులే మాట్లాడతారు. ఆ తల్లిదండ్రులు లేకపోతే ఈ రాష్ట్రంలో ప్రత్యేక పాఠశాలలు ఇన్ని ఉండేవి కావు కనుక వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. గుంటూరు నుంచి వచ్చే ఒక తల్లి, డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్ద కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, తమ తర్వాత వాణ్ని చూసుకునే ఆశ్రమం కావాలని అడుగుతుంది. అతణ్ని విడిగా అడిగితే టిఫిన్ హోటల్లో పని కావాలంటాడు, బస్సులో ఒక్కడే వెళ్లాలంటాడు. ఇద్దరి మాటా నిజమే. ప్రజాప్రతినిధి ఒకరి మాటే విని లేస్తే సగం నియోజకవర్గమే విన్నట్టు. అందుకే మా భేటీల్లో తల్లికీ కొడుక్కూ వేర్వేరుగా సమయం ఉంచుతున్నాం. దీని మీద మా బృందంలోనే వాదన తెగలేదు. "వాడికేం తెలుసు బాబూ" అనే తల్లి కన్నీళ్ల ముందు, చట్టం దృష్టిలో వికలాంగులూ అందరితో సమానంగా తమ నిర్ణయాలు తీసుకోగలవారేనని చెప్పే 13వ సెక్షన్ చదివి వినిపించడం నాకు చేతకావడం లేదు.

పెద్ద మనుషులు ఇంకొక అభ్యంతరం చెబుతారు. మీరు ఎంత బాగా మాట్లాడినా మీకు ఓటు బ్యాంకు లేదు, కుల సంఘాల్లా ఒక వీధిలో ఉండరు, ఒక మాట మీద ఉండరు, ఎమ్మెల్యే మిమ్మల్ని ఎందుకు లెక్కచేస్తాడు అని. మేము ప్రతి కులంలో, ప్రతి వీధిలో ఒకటీ అరా చొప్పున చెదిరి ఉన్న మాట నిజమే. అయితే 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో మా సంఖ్య 2 కోట్ల 68 లక్షలు, అంటే నూటికి ఇద్దరి పైమాటే. ఏడు రకాల వైకల్యాలనే గుర్తించిన 1995 చట్టం పోయి 21 రకాలను గుర్తించే చట్టం వచ్చాక ఆ సంఖ్య తగ్గే అవకాశం లేదు. ఈ లెక్కన ఏ నియోజకవర్గంలోనైనా మేము వేలల్లో ఉంటాం, మా ఇంట్లోవాళ్లను కలిపితే అంతకు ఎన్నో రెట్లు. 2019లో విజయవాడ సెంట్రల్ నియోజకవర్గం ఫలితం తేలింది 25 ఓట్ల తేడాతో. ఆ అంకెను నేను ప్రతి భేటీలోనూ ఏదో ఒక వంకన ప్రస్తావిస్తాను. బెదిరింపుగా కాదు గానీ, గుర్తుండిపోవడానికి.

ఆ ఓటు కూడా ఇప్పుడు కొంత కనిపించకుండా పోతోంది. 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారు 2024 ఎన్నికల్లో ముందుగా ఫారం 12డి ఇచ్చి ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు కలిగింది. మంచం దిగలేనివారికి ఇది పెద్ద ఊరట. కానీ బూత్ దగ్గర క్యూలో కనిపించని మనిషి అభ్యర్థి మనసులో కూడా నిలవడు. ఇంటి దగ్గర ఓటు వేసేవారు మిగతా ఐదేళ్లలో ఒక్కసారైనా ప్రతినిధిని ముఖాముఖి కలిసి తీరాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

పార్టీ రంగు అంటుకుంటుందన్న భయం ఇంకొకటి. మన జిల్లాల్లో ఇది ఉత్త భయం కాదు. ఒక ప్రభుత్వంలో వేదికల మీద కూర్చున్న సంఘ నాయకుడికి ప్రభుత్వం మారగానే కలెక్టరేటు గేటు దగ్గరే పని ఆగిపోవడం అందరికీ తెలిసిన విషయం. అధికార పక్షం, ప్రతిపక్షం, ఎమ్మెల్సీలు, కార్పొరేటర్లు అందరికీ ఒకే కాగితం ఇవ్వడం, ఎవరి దగ్గరా కండువా కప్పించుకోకపోవడం మా నియమం. అంతర్జాతీయ వికలాంగుల దినమైన డిసెంబరు 3న జరిగే సన్మాన సభలకు వెళ్లేవారు వెళతారు గానీ, ఆ రోజు ఎవరికీ ప్రశ్న ఇవ్వం. శాలువా కప్పిన చేతికి ప్రశ్న ఇవ్వడం మర్యాద కాదని మనవాళ్లు అనుకుంటారు, దానితో పోట్లాడటం దండగ.

కార్పొరేటర్లతో పని ఇంకా తేలిక, ఫలితం ఇంకా దగ్గర. వికలాంగులకు వీలుగా లేని కొత్త భవనానికి అనుమతి గానీ, పని పూర్తయినట్టు సర్టిఫికెట్ గానీ ఇవ్వకూడదని వికలాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ చెబుతోంది, ఆ సర్టిఫికెట్ ఇచ్చేది కార్పొరేషనే. పాత ప్రజా భవనాలను ఐదేళ్లలో సరిచేయాలన్న గడువు, నిబంధనలు వచ్చిన 2017 జూన్ నుంచి లెక్కిస్తే, 2022 జూన్‌తో ముగిసిపోయింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరీ కేసులో, భవనాలు వికలాంగులకు వీలుగా ఉండాలనే ప్రమాణాలు పాటించినా పాటించకపోయినా ఫరవాలేదన్నట్టు ఉత్త సూచనలుగా ఉంటే చట్టానికి విరుద్ధమనీ, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలనీ కేంద్రానికి చెప్పింది. బీసెంట్ రోడ్డులో, ఏలూరు రోడ్డులో మూడు మెట్ల ఎత్తున ఉన్న దుకాణాలను చూస్తూ ఈ తీర్పును కౌన్సిల్ సమావేశంలో చదివించడానికి ఒక కార్పొరేటర్ చాలు.

కౌన్సిల్‌లో మావాళ్లే ఉంటే ఇంకా మంచిది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ప్రభుత్వం స్థానిక సంస్థల్లో వికలాంగులను సభ్యులుగా నామినేట్ చేయడానికి శాసనసభలో బిల్లులు తెచ్చింది. నామినేషన్ అంటే పాలక పక్షం తనకు నచ్చినవారినే పెడుతుందన్న విమర్శ ఉంది, అది కొట్టిపారేయదగినది కాదు. అయినా మన కార్పొరేషన్లలో మైనారిటీల ప్రాతినిధ్యం కోసం ప్రజల ఓటుతో కాకుండా కౌన్సిలే సభ్యులను చేర్చుకునే కో-ఆప్షన్ పద్ధతి ఇప్పటికే ఉన్నప్పుడు, అదే పద్ధతిలో వికలాంగులకు చోటు ఎందుకు ఉండకూడదో ఎమ్మెల్యేలు సభలో చెప్పాలి. ఎందుకంటే ఆ చట్టాన్ని సవరించగలిగేది వారే.

2021 మార్చిలో ఎన్నికైన విజయవాడ, గుంటూరు పాలకవర్గాలది ఐదేళ్ల గడువు. తర్వాతి ఎన్నికల అభ్యర్థులకు పార్టీతో నిమిత్తం లేకుండా ఇవ్వడానికి మేము ఒక ప్రశ్నపత్రం తయారుచేస్తున్నాం. మీ ఎన్నికల కార్యాలయం ఏ అంతస్తులో ఉంది, వినలేనివారికి మీ ప్రచారం ఎలా అందుతుంది, గెలిస్తే మీ డివిజన్‌లోని వికలాంగులతో ఎన్ని నెలలకు ఒకసారి కూర్చుంటారు అన్నవి అందులో ఉంటాయి. సమాధానాలు వారి సంతకంతోనే తీసుకుని, ఇవ్వనివారి పేరు ఎదుట గడిని ఖాళీగానే ఉంచి, డివిజన్ల వారీగా ప్రచురిస్తాం. వెన్నుపూస దెబ్బతిన్న ఆ కుర్రాడు తన పేరు ఎక్కడా రాయకూడదన్న షరతు మీద ఆ పట్టిక డిజైన్ చేసిపెడతానన్నాడు.